‘అని’ పుట్టుక, ‘అని’ సంతానం: నల్లగొండ, పాలమూరు కథల్లో ఎవరి గొంతు ఎవరిది?

కథను గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శకులు వస్తువును చర్చిస్తారు, దృక్పథాన్ని చర్చిస్తారు, ఓపిక మిగిలితే శిల్పాన్ని గురించి రెండు మాటలంటారు. భాష ప్రసక్తి వచ్చేసరికి కథలోని మాండలిక పదాలను ఏరి ఒక పట్టిక ఇచ్చి ఊరుకుంటారు. ఆ పట్టికల్లో పనిముట్ల పేర్లుంటాయి, వంటల పేర్లుంటాయి, తిట్లుంటాయి. వాక్యాన్ని వాక్యంతో ముడివేసే చిన్న మాటలు మాత్రం ఉండవు. అవి అందరివీ కాబట్టి వాటిలో చెప్పుకోవలసిందేమీ లేదని మనం అనుకుంటాం. అటువంటి మాట ఒకదాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను. ఆ మాట ‘అని’. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల జీవితాన్ని చిత్రించిన కథా సాహిత్యాన్ని ఈ ఒక్క మాట పట్టుకొని చదివితే, రచయిత ప్రజల వెంట ఎంత దూరం నడిచాడో, ఎక్కడ ఆగి తన గడప మీద నిలబడ్డాడో తెలుస్తుందని నా వాదన. (2016లోనూ, 2019లోనూ ఈ రెండు జిల్లాలూ చీలి అనేక జిల్లాలయినాయి. ఇక్కడ పాత జిల్లాల పేర్లే వాడుతున్నాను. వెనకటి సాహిత్యం ఆ పేర్లతోనే వచ్చింది.)

ఒక మనిషి మాటను ఇంకొక మనిషి మాటలో ఇమిడ్చే పని ప్రతి భాషకూ ఉన్నది. ఆ పనికి ఏ భాష ఏ మాటను నియమించుకున్నదన్నది ఆసక్తికరమైన విషయం. ఇంగ్లీషు ‘అది’ అని వేలు పెట్టి చూపించే ‘దట్’ను నియమించుకున్నది. రష్యన్‌లో ‘ఏమి’ అని అడిగే ‘ష్తో’యే ఆ పని చేస్తున్నది. ఉర్దూ, హిందీలు పారశీకం నుండి వచ్చిన ‘కి’తో పని నడుపుకుంటున్నాయి. వీటన్నిటిలోనూ ముందు ‘అతను చెప్పాడు’ అని వస్తుంది, తరువాత ఈ సంబంధ పదం వస్తుంది, ఆ తరువాతనే చెప్పిన మాట వస్తుంది. అంటే మాట్లాడిన వాడి మాట వినబడటానికి ముందే కథకుడు గుమ్మంలో నిలబడి పరిచయం చేస్తాడు.

తెలుగు దారి వేరు. మనం వేలు పెట్టి చూపించలేదు, ప్రశ్న వేయలేదు. ‘అను’ అనే క్రియనే తెచ్చి పెట్టుకున్నాం. వ్యాకరణం చదివిన విద్యార్థులకు ఇది తెలిసిన సంగతే: ‘తిను’ నుండి ‘తిని’, ‘విను’ నుండి ‘విని’ వచ్చినట్టే ‘అను’ నుండి ‘అని’ వచ్చింది. అది క్త్వార్థకం. ‘వస్తనని చెప్పిండు’ అన్న వాక్యంలో అక్షరార్థం ‘వస్తను అనే పలుకు పలికి, చెప్పిండు’ అనే. ముందు మనిషి మాట వస్తుంది. ఆ మాట పలికిన చర్య వస్తుంది. కథకుడు అందరికన్నా చివర వస్తాడు.

ఈ ఏర్పాటు మనదొక్కరిదే కాదు. తమిళంలో ‘ఎన్ఱు’, మలయాళంలో ‘ఎన్ను’, కన్నడంలో ‘ఎందు’, వాడుక కన్నడంలో ‘అంత’ ఇదే పని చేస్తాయి. అన్నీ ‘పలుకు’ అనే అర్థం గల ఒకే ధాతువు బిడ్డలు. నన్నయ భారతం నాటికే మన ‘అని’ స్థిరపడి ఉన్నది. వెయ్యేండ్లలో క్రియా ప్రత్యయాలు మారాయి, సర్వనామాలు మారాయి, గ్రాంథికం పోయి వ్యావహారికం వచ్చింది. ‘అని’ మాత్రం అక్షరం మారకుండా నిలబడింది. అది నిలబడటమే కాదు, తన నీడన ఉన్న వాటిని కూడా కాపాడింది. ఇవాళ ఏ పల్లెలోనూ ఎవరూ ‘రమ్ము’, ‘పొమ్ము’, ‘తెమ్ము’ అనరు. ‘రా’, ‘పో’, ‘తే’ అంటారు. కాని ‘రమ్మన్నడు’, ‘పొమ్మన్నది’, ‘తెమ్మన్నరు’ అనే మాటలు ప్రతి ఇంట్లోనూ వినబడతాయి. పాత విధ్యర్థక రూపం ‘అను’ను పట్టుకొని బతికింది.

ఇక సంతానం సంగతి. ఈ క్రియ చేదర్థకమై ‘అంటే’ అయింది. ‘నువ్వు రానంటే నేను పోను’ అన్నప్పుడు అది ఇంకా పలకడమే. ‘వెట్టి అంటే ఏంది?’ అన్నప్పుడు అర్థ వివరణ. ‘ఎందుకంటే’ అన్నప్పుడు కారణం. ‘నాయనంటే భయం’ అన్నప్పుడు పలుకు జాడ కూడా మిగలలేదు. అప్యర్థకమై ‘అన్నా’ అయింది, శత్రర్థకమై ‘అంటూ’ అయింది, విశేషణమై ‘అనే’, ‘అన్న’ అయింది. తనకు తాను పలుకుకోవడం ‘అనుకోవడం’ అయింది. తెలుగువాడికి ఆలోచన అంటే లోపలి మాటే. ‘గలగలమని’, ‘దబ్బుమని’ అన్నప్పుడు నీళ్ళకూ రాళ్ళకూ కూడా నోరిచ్చింది. ‘వాన వస్తదని గొంగడి తెచ్చిన’ అన్నప్పుడు హేతువు చెప్పింది. ‘సదువుకోవాల్నని పట్నం పోయిండు’ అన్నప్పుడు ఉద్దేశం చెప్పింది. ‘తెల్లారితే పెండ్లి అనంగ’ అన్నప్పుడు కాలాన్నే కొలిచింది.

ఈ సంతానంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచేది ‘అట’. పాత పుస్తకాల్లో దీన్ని అరసున్నతో ‘అఁట’ అని రాసేవారు. ఆ అరసున్నలో ‘అను’లోని నకారం దాగి ఉన్నది. ‘వచ్చిండు’ అంటే నేను చూశాను. ‘వస్తనన్నడు’ అంటే నేను విన్నాను. ‘వచ్చిండట’ అంటే ఎవరో అన్నారు, పూచీ నాది కాదు. మూడు మెట్లున్నాయి. నిరక్షరాస్యులని మనం పిలిచే మనుషులు ఈ మూడు మెట్లనూ ఎన్నడూ కలగలపరు. చూసిందాన్ని చూసినట్టు, విన్నదాన్ని విన్నట్టు, పుకారును పుకారుగా చెప్పే సాక్ష్య శాస్త్రం వాళ్ళ క్రియల్లోనే ఉన్నది. రష్యన్ భాషలో దీనికి చుట్టమొకటి ఉన్నది. ‘మోల్’ అనే చిన్న మాట. అది ‘పలికెను’ అనే క్రియ అరిగి మిగిలిన ముక్క. పరాయివాడి మాటను తెచ్చి చెబుతున్నానని సూచించడానికి రష్యన్ రైతు కూడా చివరికి ‘పలుకు’ అనే క్రియ దగ్గరికే వచ్చాడు.

ఇంతవరకు ఇంట్లో సంతానం. పొరుగిళ్ళలో పెరిగిన సంతానం కూడా ఉన్నది. దాన్ని చూడాలంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ బజార్లకే పోవాలి.

తెలంగాణ భాషను గురించి చాలాకాలంగా ఒక ఫిర్యాదు వినబడుతున్నది. ఉర్దూ వచ్చి ఈ తెలుగును చెడగొట్టిందని ఆ ఫిర్యాదు. ‘జమీను’, ‘దస్తావేజు’, ‘జర’, ‘బరాబర్’ వంటి మాటలను సాక్ష్యంగా చూపిస్తారు. ఆ మాటలు వచ్చిన మాట నిజమే. నైజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. కాని ఫిర్యాదు చేసేవారు ఎదురు దిక్కుకు తిరిగి చూడలేదు. హైదరాబాదులో, ఈ జిల్లాల పట్టణాల్లో ముస్లిం శ్రామికులు, చిల్లర వర్తకులు మాట్లాడే దక్కనీని వినండి. ఢిల్లీ, లక్నో ఉర్దూలో ‘ఉస్‌నే కహా కి నహీఁ ఆవూఁగా’ అనే చోట దక్కనీ ‘నై ఆతూఁ బోల్‌కే బోల్యా’ అంటుంది. ‘బోల్‌కే’ అంటే పలికి, అంటే ‘అని’. ‘రానని చెప్పిండు’ అనే తెలుగు వాక్యం ఎముకల గూడు మారకుండా ఉర్దూ మాటలు తొడుక్కున్నది. ‘క్యోం బోలే తో’ అంటే ‘ఎందుకంటే’. ‘గయా కతే’ అంటే ‘పోయిండట’. అది ‘కహతే’, అంటే ‘అంటారు’ అనే క్రియ నుండి వచ్చింది. ‘వాన వస్తదని గొడుగు తెచ్చిన’ అన్న హేతువును కూడా దక్కనీ ‘బోల్‌కే’తోనే చెబుతుంది. పారశీకపు ‘కి’ దర్బారు నుండి వచ్చిన మాట. దాన్ని పక్కకు నెట్టి ఈ మట్టి వాక్యాన్ని దక్కనీ స్వీకరించింది.

ఇది ఎట్లా జరిగి ఉంటుంది? పద్నాలుగవ శతాబ్దంలో తుగ్లకు సైన్యాల వెంట, తర్వాత బహమనీల కాలంలో దక్కనుకు చేరిన ఉత్తరాది భాష ఇక్కడి మగ్గాల మధ్య, సంతల మధ్య ఆరు వందల యేండ్లు కాపురం చేసింది. పండితులు ఒకరి పుస్తకాలు ఒకరు చదివి ఇచ్చిపుచ్చుకునేది నామవాచకాలను. వాక్యం ఎముకల దాకా మారాలంటే మనుషులు ఒకే పనిలో, ఒకే బేరంలో, ఒకే బావి దగ్గర తరతరాలుగా మాట్లాడుకోవాలి. అందుకే నేను ‘బోల్‌కే’ను భాషాశాస్త్రపు వింతగా చూడటం లేదు. కలిసి బతికిన శ్రామిక జనం వదిలిన దస్తావేజుగా చూస్తున్నాను. మతం పేరుతో ఈ రెండు జనాలనూ విడదీయదలచిన వారికి ఈ ఒక్క మాట చాలు సమాధానంగా.

ఇదే ధోరణి ఇంకా విశాలంగా కనబడుతుంది. మరాఠీలో ‘మ్హణూన్’, బెంగాలీలో ‘బొలే’, ఒరియాలో ‘బోలి’, అన్నీ ‘పలికి’ అనే అర్థం గలవే. మహబూబ్‌నగర్ పడమటి అంచున నారాయణపేట వైపు పోతే తెలుగు ‘అని’, కన్నడ ‘అంత’, దక్కనీ ‘బోల్‌కే’ ఒకే సంతలో వినబడతాయి. సంస్కృతంలో మాట చివర వచ్చే ‘ఇతి’ కూడా ద్రావిడ భాషల సహవాసంతోనే ఆ స్థానంలో కుదురుకున్నదని ఎమెనో, కైపర్ వంటి పండితులు వాదించారు. కాదు, అది సంస్కృతంలో సొంతంగానే పెరిగిందని ప్రతివాదం చేసినవారూ ఉన్నారు. ఆ వివాదం ఎటు తేలినా, భారతదేశంలోని భాషలు కుటుంబాల గోడలు దాటి ఇరుగుపొరుగు న్యాయంతో పెరిగాయన్న సంగతి నిలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘అని’ వాక్యంలో ఒక విచిత్రం ఉన్నది. ‘అతను తాను వస్తనని చెప్పిండు’ అన్న వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. ‘తాను’ అన్నది ప్రథమ పురుష. అది కథకుడి మాట. చెప్పినవాడు ‘తాను’ అనలేదు, ‘నేను’ అన్నాడు. కాని క్రియ దగ్గరికి వచ్చేసరికి ‘వస్తను’ అని ఉత్తమ పురుషే నిలిచింది. అది చెప్పినవాడి నోటిమాట. ఒకే చిన్న వాక్యంలో కర్త కథకుడిది, క్రియ పాత్రది. ఇంగ్లీషు పరోక్ష కథనంలో చెప్పినవాడి ‘నేను’ పూర్తిగా చెరిగిపోతుంది. తెలుగులో క్రియ చివరన ఆ ‘నేను’ ప్రాణంతో ఉంటుంది. ఎవరు ఎవరి మాట మోసినా, అన్నవాడి ‘నేను’ను చంపే అధికారం మోసేవాడికి లేదు.

దీని సాంఘిక విలువ తెలియాలంటే పాలమూరు వలస కూలీలను తలచుకోవాలి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబరు పోయింది. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి, ముందుగా కొంత పైకం చేతిలో పెట్టి, కుటుంబాలకు కుటుంబాలను తీసుకుపోయాడు. మిగిలిన కూలి ఇచ్చేది పని ముగిసిన తర్వాత. ఆ ఒప్పందానికి కాగితం లేదు. ఉన్నదల్లా ‘ఇస్తనన్నడు’ అనే ఒక్క మాట. ఆ మాటలో మేస్త్రీ స్వయంగా అన్న ‘ఇస్తను’ ఉన్నది. కూలివాడు దాన్ని నోట్లో పెట్టుకొని వందల మైళ్ళు మోసుకు తిరిగాడు. అదే అతని పత్రం, అదే అతని సాక్ష్యం. ఈ మాటను అర్జీ రాసేవాడు ‘ఇచ్చెదనని చెప్పినట్లు ఆరోపణ’ అని మార్చగానే ఏమయింది? కూలివాడు తన చెవులతో విన్నది ‘అట’ స్థాయికి దిగిపోయింది. చూసినవాడి, విన్నవాడి, పుకారు మోసినవాడి మధ్య ప్రజలు గీసుకున్న మూడు మెట్లనూ కచేరీ భాష ఒకే మెట్టుగా చదును చేసింది.

పరాయి మాటను మన మాటలో ఎట్లా ఇముడుస్తామన్నది సాంఘిక సంబంధాల ప్రశ్న అని మొదట గట్టిగా చెప్పినది సోవియట్ భాషావేత్త వొలోషినొవ్. 1929లో లెనిన్‌గ్రాడ్ నుండి వెలువడిన ‘మార్క్సిజం, భాషా తత్త్వం’ గ్రంథంలో మూడవ భాగమంతా ఈ విషయానికే కేటాయించాడు. (ఆ గ్రంథం బఖ్తిన్‌దనే వాదం కూడా ఉన్నది. అది మనకు ఇక్కడ ప్రధానం కాదు.) ఆయన చెప్పినదాని సారం ఇది: అధికార ధోరణి బలంగా ఉన్న కాలంలో రచయిత మాటకూ పాత్ర మాటకూ మధ్య గీత గట్టిగా ఉంటుంది. ఆ ధోరణి సడలినకొద్దీ గీత కరుగుతుంది, రెండు గొంతులూ ఒకదానిలోకి ఒకటి పారుతాయి. మన కథా సాహిత్యాన్ని ఈ దృష్టితో చదవవలసి ఉన్నది.

నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’తో తెలంగాణ నవలకు దారి వేశాడు. ఆయన జైళ్ళలో గడిపిన మనిషి, దేశోద్ధారక గ్రంథమాల నడిపిన మనిషి. ఆయన నవలలో పాత్రలు తమ జీవితం నుండి మాట్లాడతాయి. కథనం మాత్రం ఆ కాలపు పుస్తక భాషలో నడుస్తుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో దొర గడీ చుట్టూ ఉన్న మనుషుల మాటలు ఉర్దూ వాసనతో సహా వినిపిస్తాయి. అక్కడా కథకుడు మాట్లాడేది శిష్ట వ్యావహారికమే. వీరిద్దరినీ నేను తప్పుపట్టడం లేదు. తెలంగాణ మాట అచ్చులో కనబడటమే అపహాస్యానికి గురయిన కాలంలో కొటేషన్ గుర్తుల మధ్యనైనా ఆ మాటకు చోటు కల్పించడం పోరాటమే. అయినా ఫలితాన్ని గుర్తించాలి. కొటేషన్ గుర్తు ముగిసి ‘అని’ రాగానే భాష మారిపోతుంది. పాత్ర ‘వస్తుండు’ అంటుంది, కథకుడు ‘అని అన్నాడు’ అంటాడు. ఆ ‘అని’ సరిహద్దు రాయిలాగా నిలుస్తుంది. ఇవతల ప్రజలు, అవతల రచయిత. ప్రజలు మాట్లాడతారు, రచయిత ఆలోచిస్తాడు. ప్రకృతి వర్ణన, మనస్తత్వ విశ్లేషణ, చారిత్రక అవగాహన అన్నీ రాయికి అవతలే జరుగుతాయి.

ఆ రాయిని పెరికిన మొదటి వారిలో పాలమూరు బిడ్డ పాకాల యశోదారెడ్డి ఒకరు. ఆమె 1929లో మహబూబ్‌నగర్ జిల్లా బిజినేపల్లిలో పుట్టారు. బిజినేపల్లి ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన పండితురాలు. అటువంటి పండితురాలు 1973లో ‘మా ఊరి కథలు’ వెలువరించినప్పుడు కథకురాలి గొంతును కూడా పాలమూరు గొంతుగానే ఉంచారు. అక్కడ ‘అని’కి ఇటువైపూ అటువైపూ ఒకే భాష. చెప్పే మనిషి ఊళ్ళోనే కూచున్నది. వినేవాడే ఊళ్ళోకి రావాలి. ‘అట’ విరివిగా రావడం, ఒకరి మాటలో ఇంకొకరి మాట, దానిలో మరొకరి మాట పొరలు పొరలుగా పేరుకోవడం ఈ పద్ధతిలోనే సహజమవుతాయి. 1980లలో చిత్తూరు జిల్లా నుండి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’లో తన ప్రాంతపు మాటతో చేసినది కూడా ఈ పనే. మన ప్రగతిశీల విమర్శ నామినిని గుర్తించినంతగా యశోదారెడ్డిని గుర్తించలేదు. ఆమెను మాండలిక సౌందర్యం గల రచయిత్రిగా మెచ్చుకొని పక్కన పెట్టింది. కథన సమస్యను పరిష్కరించిన రచయిత్రిగా ఆమెను చదవలేదు.

మరొక దారి కథ బయటి నుండి వచ్చింది. 1986లో స్త్రీ శక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను అచ్చులోకి తెచ్చింది. అందులో నల్లగొండ ప్రాంతపు మల్లు స్వరాజ్యం ఉన్నారు, చిట్యాల ఐలమ్మ ఉన్నారు. పోరాట చరిత్రలు అంతకుముందు చాలా వచ్చాయి. వాటిలో పార్టీ మాట్లాడింది, నాయకులు మాట్లాడారు. ఈ పుస్తకంలో ఆ స్త్రీలే ‘నేను’ అన్నారు. నాయకుడు ఏమన్నాడో వాళ్ళు చెప్పారు, తాము ఏమనుకున్నారో చెప్పారు. మోసేవారు మారారు. ఇన్నాళ్ళు నాయకుల మాటలో ఇమిడిన స్త్రీలు, ఇప్పుడు నాయకుల మాటను తమ మాటలో ఇమిడ్చారు. 1989లో ఇది ఇంగ్లీషులోకి వెళ్ళింది. అటువంటి కథనాలను అనువదించేవారు ఎదుర్కొనే మొదటి కష్టం ‘అట’ దగ్గరే. ఆ ఒక్క అక్షరాల జంటకు ఇంగ్లీషులో ఒక వాక్యం కావాలి, ఆ వాక్యం పెడితే మాట తీరు పోతుంది.

ఇదంతా రూపవాదం కాదా అని కొందరు మిత్రులు అడగవచ్చు. ‘అని’ దొరకూ ఒకటే, జీతగాడికీ ఒకటే, దానిలో వర్గం ఎక్కడున్నది అనవచ్చు. వ్యాకరణానికి వర్గం లేదన్నది నేనూ ఒప్పుకుంటాను. 1950లో ప్రావ్దాలో నడిచిన చర్చలో స్టాలిన్, భాషను ఉపరితలంగా భావించిన మార్ సిద్ధాంతాన్ని తోసిపుచ్చి, భాష మొత్తం సమాజానిదని చెప్పిన సంగతి మనకు తెలుసు. కాని పనిముట్టు అందరిదీ అయినంత మాత్రాన దాన్ని పట్టిన చెయ్యి అందరిదీ కాదు. వెట్టి రోజుల్లో ‘దొర రమ్మంటుండు’ అన్న పిలుపు ఎవరి నోట వచ్చేది? వెట్టివాడి నోటనే. దొర ఆజ్ఞను మోయడం కూడా వెట్టిలో భాగమే. అతని నాలుక మీద దొర ‘రమ్ము’ కూచున్నది. 1946 తర్వాత అదే ఊళ్ళో ‘సంఘం రమ్మంటున్నది’ అన్న మాట పుట్టింది. వ్యాకరణం అక్షరం మారలేదు. కర్త మారాడు. చరిత్ర వాక్యంలో ప్రవేశించేది ఇట్లానే. విమర్శకుడు చూడవలసినది వ్యాకరణానికి వర్గముందా అని కాదు. ఫలానా కథలో ఎవరు ఎవరిని ‘రమ్మంటున్నారు’, ఎవరి మాటను ఎవరు మోస్తున్నారు అని.

అదే కారణం చేత, కథనమంతా మాండలికంలో రాస్తే చాలు, సమస్య తీరిపోతుందన్న వాదాన్ని కూడా నేను అంగీకరించలేను. పటేలు మాట్లాడేదీ ఆ మాండలికమే. ‘గీ కూలోళ్ళకు ఎంతిచ్చినా సాలదు’ అన్న మాట అచ్చమైన పాలమూరు యాసలో రాయవచ్చు. యాస ప్రజలదైనంత మాత్రాన చూపు ప్రజలదవదు. కూలివాడి ‘ఇస్తనన్నడు’లోని సాక్ష్యం విలువను గుర్తించిన కథకుడు శిష్ట వ్యావహారికంలో రాసినా ప్రజల పక్షానే ఉంటాడు. కూలివాడి మాటను ‘అట’లోకి దించి తన తీర్పును పైన పెట్టే కథకుడు ఎంత చిక్కని యాసలో రాసినా పక్కనే నిలబడి ఉంటాడు.

ఇప్పుడు కొత్త ప్రమాదం ఒకటి వచ్చింది. వార్తా పత్రికల్లోనూ, ఇంగ్లీషు నుండి తొందరగా చేసే అనువాదాల్లోనూ, వాటిని చదివి రాస్తున్న కథల్లోనూ ‘తాను వస్తాడని చెప్పాడు’ వంటి వాక్యాలు కనబడుతున్నాయి. ‘తాను’ సరే, ‘వస్తాడు’ ఎందుకయింది? అన్నవాడి ‘నేను’ ఎక్కడికి పోయింది? ఇంగ్లీషు పురుష మార్పు నియమం తెలుగు క్రియ మీద వచ్చి కూచున్నది. దీన్ని వ్యాకరణ దోషంగా సరిదిద్ది వదిలేస్తే సరిపోదు. వెయ్యేండ్లుగా ప్రతి తెలుగు మనిషికి, ఇంకొకరి నోట్లో ఉన్నప్పుడు కూడా తన ‘నేను’ నిలుపుకునే హక్కునిచ్చిన ఏర్పాటు అది. దాన్ని మనం తెలియకుండా వదులుకుంటున్నాం. వదులుకుంటే ముందు నష్టపోయేది కాగితం లేనివాళ్ళే.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదకోశాన్ని, తర్వాత చేనేత పదకోశాన్ని వెలువరించింది. నాగలి భాగాల పేర్లు, మగ్గం భాగాల పేర్లు ఊరూరా తిరిగి సేకరించారు. అది గొప్ప పని. నాగలి పట్టినవాడు, మగ్గం మీద కూచున్నవాడు వాక్యాన్ని ఎట్లా కడతారన్న సేకరణ మాత్రం ఇంకా మిగిలి ఉన్నది. సాహిత్య విద్యార్థులు అందుకు పూనుకోవాలని నా కోరిక. పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒక ఊరికి పోయి, కూలి ఎగ్గొట్టిన సంగతినో, భూమి పోయిన సంగతినో, బోరు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన సంగతినో ఒక మనిషి చెబుతుంటే పూర్తిగా వినండి. ఎక్కడ ‘అన్నడు’ వచ్చింది, ఎక్కడ ‘అట’ వచ్చింది, ఎక్కడ ‘అనుకున్న’ వచ్చింది గుర్తు పెట్టుకోండి. తర్వాత అదే విషయం మీద మనవాళ్ళు రాసిన కథ తీసి పక్కన పెట్టి చదవండి. కథ ఎక్కడెక్కడ ఆ మనిషి సాక్ష్యాన్ని నిలబెట్టింది, ఎక్కడ దాన్ని పుకారుగా మార్చింది, ఎక్కడ ఆ మనిషి ఆలోచనను లాక్కొని రచయిత ఆలోచనగా రాసుకున్నది మీకే తెలుస్తుంది.

రచయితలకు నేను చెప్పగలిగింది ఒకటే. ప్రజల మాటను కథలో పెట్టడం వేరు, ప్రజల మాటకు పూచీ పడటం వేరు. మొదటి పనికి కొటేషన్ గుర్తులు చాలు. రెండవ పని చేసేవాడు ప్రతి ‘అని’ దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఇప్పుడు వినబడుతున్న గొంతు ఎవరిదో తేల్చుకొని ముందుకు సాగాలి.